మంద కదలాలంటే దారుండాలి: ఆఫ్రికా మెట్ట ప్రాంతాల పశుపోషకుల మీద ప్రసంగం

(సభకు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైప్ చేసింది. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ల సౌండు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి, ఇంకొంచెం గట్టిగా మాట్లాడతా.

2026ని ఐక్యరాజ్యసమితి పచ్చిక బయళ్ళ, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది కదా, తీర్మానం 2022లోనే అయింది, ముందుగా అడిగిన దేశం మంగోలియా. ఆ పేరు మీద మీటింగులు చాలా జరుగుతున్నాయి, ఇది కూడా అందులో ఒకటి. నన్ను ఆఫ్రికా గురించి చెప్పమన్నారు. ఆఫ్రికా అంటే ఒక జిల్లానా చెప్పండి? అందుకని ఉత్తర కెన్యా, దాన్ని ఆనుకుని ఉన్న దక్షిణ ఇథియోపియా, ఈ రెండిటి మీదే ఎక్కువ మాట్లాడతా. మధ్యలో ఒకసారి సాహెల్ వైపు, అంటే సహారా ఎడారికి దక్షిణపు అంచు వైపు, ఇంకోసారి టాంజానియా వైపు వెళ్ళొద్దాం. నేను పశువుల డాక్టర్ని, చట్టాలు చదివినవాణ్ణి కాదు, కానీ ఈ విషయంలో చట్టం గురించి మాట్లాడకుండా పశువు గురించి మాట్లాడ్డం కుదరదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ముందు వాన సంగతి. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది, దాన్నే మనం కరువు జిల్లా అంటాం. ఉత్తర కెన్యా దిగువ నేలల్లో 200, 250, బాగా పడితే 300. అది కూడా రెండు విడతల్లో, మార్చి నుంచి మే దాకా ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఒకటి. పోనీ పడ్డదైనా అంతటా పడుతుందా? పడదు. ఇక్కడ ఒక జల్లు, నలభై కిలోమీటర్ల అవతల ఇంకో జల్లు, మధ్యలో మట్టి తడవదు. ఇలాంటి నేల మీద జొన్న వేసి కూర్చుంటే ఏమవుతుంది? ఏమీ రాదు. అదే మంద ఉంటే జల్లు ఎక్కడ పడితే అక్కడికి తోలుకుపోవచ్చు, లేత గడ్డి దొరుకుతుంది, లేత గడ్డిలోనే కదా బలం ఉండేది. బోరానా, గబ్రా, రెండిల్లే, సంబూరు, తుర్కానా, సోమాలీలు, ఈ పశుపోషక తెగల వాళ్ళందరూ చేసేది అదే. ఊరికే తిరగడం కాదండీ, వాన వెనకాల పోవడం.

1980ల్లో ఇథియోపియా బోరానా ప్రాంతంలో లెక్కలు కట్టారు. హెక్టారుకు ఎంత పాలు, ఎంత మాంసం, అన్నీ కలిపి చూస్తే, కంచె వేసి పెంచే వ్యాపార రాంచ్‌ల కంటే ఈ తిరిగే మందల నుంచే ఎక్కువ వచ్చింది. ఇది తెలిసి నలభై ఏళ్ళయింది. అయినా ఇప్పటికీ ఆఫీసుల్లో "వీళ్ళని ఒకచోట కుదురుగా కూర్చోబెట్టాలి" అనే మాటే వినిపిస్తుంది. మన దగ్గర మాత్రం వినిపించదా? గొర్రెలోళ్ళని చూసి "ఎప్పుడు స్థిరపడతారు మీరు" అని అడగని ఆఫీసర్ ఉన్నాడా? ఇక్కడ గొల్ల కురుమల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, మీకు చెప్పక్కర్లేదు.

తిరగడం అంటే ఎవడిష్టం వాడిది అనుకుంటారు. అస్సలు కాదు. బోరానా వాళ్ళు మందని రెండు చేస్తారు. పాలిచ్చే ఆవులు, దూడలు ఇంటి దగ్గర, దాన్ని వర్రా అంటారు. వట్టిపోయినవి, ఎద్దులు, పడుచు పశువులు దూరం పోతాయి, అది ఫోరా. ఫోరా వెంట కుర్రాళ్ళు పోతారు, నెలల తరబడి. మంద కదిలే ముందు ఒకడో ఇద్దరో ముందుగా వెళ్ళి చూసొస్తారు, దాన్ని అబురు అంటారు, సోమాలీలలో ఇదే పనిని సహన్ అంటారు. గడ్డి ఉందా అని ఒక్కటే కాదు చూసేది. పిడుదులున్నాయా? రోగం ఉందా? అప్పటికే అక్కడ ఎవరి మంద దిగింది? వాళ్ళతో మనకి పాత గొడవేమైనా ఉందా? ఎవర్ని అడగాలి? ఇవన్నీ కనుక్కుని వచ్చి పెద్దల దగ్గర చెప్పాలి, అప్పుడే కదలాలా వద్దా అనే మాట.

ఇంక నీళ్ళ సంగతి, ఇది కొంచెం నిదానంగా చెప్తా, నాకిష్టమైన భాగం. దక్షిణ ఇథియోపియాలో డుబ్లుక్ అనే ఊరుంది, దాని దగ్గర తూలా బావులుంటాయి. బోరానా నేలలో ఇలాంటి బావుల గుంపులు తొమ్మిది. ఎప్పుడో తరాల కింద తవ్వినవి, కొన్ని ముప్పై మీటర్ల లోతుంటాయి. పైనుంచి ఒక వాలు దారి తవ్వుతారు, అది లోపలికి దిగుతూ పోతుంది, పశువులు ఆ దారిలో వరస కట్టి దిగుతాయి. కింద మట్టితో మెత్తిన తొట్టి. ఆ తొట్టి దగ్గర్నుంచి నీళ్ళ దాకా మనుషులు ఒకరి మీద ఒకరు మెట్లు మెట్లుగా నిలబడతారు, ఒక్కో చోట పదిమంది కూడా. అడుగునున్నవాడు బకెట్ ముంచి పైవాడికి విసురుతాడు, వాడు ఆ పైవాడికి, ఖాళీది కిందికి. పాట పాడుతూ చేస్తారు, పాట ఆగితే చేతులు తప్పుతాయి. పూర్వం జిరాఫీ తోలు బకెట్లు, ఇప్పుడు ప్లాస్టిక్ క్యాన్లు కోసి వాడుతున్నారు. ఎండాకాలంలో ఆవుకి మూడు రోజులకి ఒకసారి నీళ్ళు. ఏ మంద ఏ రోజు, ఏ మంద తర్వాత ఏ మంద, దీనికి ఒక మనిషి ఉంటాడు, అబ్బా హెరెగా అంటారు. బావి పలానా వంశం వాళ్ళది, మొదట తవ్వించినవాడి పేరు మీద నడుస్తుంది, కానీ దాహంతో వచ్చిన వేరేవాళ్ళని పొమ్మనడం ఉండదు, వరసలో పెడతారు. ఒప్పుకున్న పద్ధతి తప్పితే పెద్దల సభలో జరిమానా పడుతుంది, అది పశువుల్లోనే కట్టాలి.

ఇదెందుకింత చెప్పానంటే, 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా ప్రొఫెసర్ ఒక వ్యాసం రాశాడు. ఉమ్మడి మేత భూమి ఉంటే ప్రతివాడూ ఇంకో పశువుని వదుల్తాడు, చివరికి భూమి నాశనం అవుతుంది, కాబట్టి ప్రైవేటు చెయ్యాలి, లేదా ప్రభుత్వం తీసుకోవాలి అని. ఆ వ్యాసంలో ఉన్నది ఎవరూ కాపలా లేని, ఎవరికీ ఎవరితో సంబంధం లేని భూమి. మరి అబ్బా హెరెగా సంగతేంటి? జరిమానాలేంటి? 2009లో ఎలినార్ ఆస్ట్రమ్‌కి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది దేనికి? జనం ఉమ్మడి వనరుల్ని తమ నియమాలతో తామే కాపాడుకోగలరని లోకమంతా తిరిగి చూపించినందుకే. కానీ ఈలోగా నలభై ఏళ్ళు హార్డిన్ మాట మీద పాలసీలు నడిచిపోయాయి.

కెన్యాలో ఏం జరిగిందో చూడండి. బ్రిటిష్ వాళ్ళు 1904లో ఒకసారి, 1911లో ఇంకోసారి మాసాయిలతో, వాళ్ళూ పశుపోషకులే, ఒప్పందాలు రాయించుకున్నారు, లైకిపియా లాంటి మంచి మేత నేలల్లోంచి దక్షిణానికి పంపేశారు. ఆ నేల తెల్లవాళ్ళ రాంచ్‌లయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1965లో ప్రభుత్వం ఒక పాలసీ పత్రం తెచ్చింది, సెషనల్ పేపర్ నంబర్ 10 అని, పెట్టుబడికి ఎక్కడ ఎక్కువ రాబడి వస్తుందో అక్కడే డబ్బు పెడతాం అన్నారు. అంటే టీ తోటలు, కాఫీ తోటలు, రైలు పక్క ఊళ్ళు. దేశంలో 80 శాతానికి పైగా ఉన్న మెట్ట నేల పక్కన పడింది. ఇసియోలో నుంచి ఇథియోపియా సరిహద్దులోని మొయాలే దాకా తారు రోడ్డు పూర్తిగా పడ్డది 2010ల్లో. యాభై ఏళ్ళు! ఆ రోడ్డు మీద లారీ పైన, పశువుల మీద కూర్చుని వచ్చేవాళ్ళు జనం.

దక్షిణాన మాసాయిలకి 1968లో గ్రూప్ రాంచ్ చట్టం తెచ్చారు. కొంతమంది పేరు మీద ఉమ్మడి పట్టా. అది కొంతకాలం నడిచింది, తర్వాత ఆ రాంచ్‌లని ముక్కలు చేసి మనిషికింత అని పంచారు. కజియాడో వైపు వెళ్తే తెలుస్తుంది, ఎక్కడ చూసినా కంచె. ఒక్కో ఇంటికి యాభై ఎకరాలో వందో ఉంటాయి, వినడానికి ఎంత బాగుంది! మనకి యాభై ఎకరాలుంటే మోతుబరి. కానీ ఆ వానకి యాభై ఎకరాల్లో ఆవుల మంద బతకదు, కాబట్టి అమ్మేస్తారు, కొన్నది నైరోబీ వాళ్ళు. పట్టా చేతికి వచ్చింది, పశువుకి దారి పోయింది.

ఇక్కడ ఒక్క మాట. పశుపోషకుడి హక్కు అంటే ఇంత చెక్క నాది అని చెప్పే హక్కు ఒక్కటే కాదు. అవసరమైనప్పుడు దాటిపోయే హక్కు, ఆ సీజన్లో ఆ నీళ్ళ దగ్గర దిగే హక్కు, తిరిగొచ్చేసరికి తన మేత నేల అలాగే ఉండే హక్కు. ఇది లేకుండా మిగతా సాయం ఎంత చేసినా నిలవదు అనేదే ఇవాళ నేను చెప్పదలుచుకున్నది, ఇప్పుడు ఆ సాయాల సంగతి చూద్దాం.

2010లో ఉత్తర కెన్యాలోని మార్సబిట్‌లో పశువుల బీమా పెట్టారు, నైరోబీలో ఉండే అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ, ఇల్రీ, దాని వెనకాల ఉంది. మామూలు బీమా అయితే ఏం చేస్తారు? పశువు చస్తే డాక్టర్ రావాలి, ఫొటో తియ్యాలి, చెవి పోగు చూపించాలి, మనందరికీ తెలిసిన భాగోతమే. అక్కడ వందల కిలోమీటర్లలో చచ్చిన ఆవుని ఎవడు చూస్తాడు? అందుకని శాటిలైట్ వాడారు. ఆకాశం నుంచి నేల ఎంత పచ్చగా ఉందో కొలుస్తారు, పచ్చదనం ఒక హద్దు కంటే పడిపోతే ఆ ప్రాంతంలో పాలసీ ఉన్నవాళ్ళందరికీ డబ్బులు. 2011 కరువులో మొదటిసారి డబ్బులు వచ్చాయి. మొదట్లో పశువులు చచ్చాక ఇచ్చేవారు, తర్వాత మార్చి, చావకముందే ఇవ్వడం మొదలెట్టారు, ఆ డబ్బుతో దాణా, నీళ్ళు, మందులు కొనుక్కోవచ్చని. ఈ మార్పు నాకు బాగా నచ్చింది. 2015 నుంచి ప్రభుత్వమే కొన్ని కుటుంబాలకి ప్రీమియం కడుతూ వాజిర్, తుర్కానాల్లో మొదలుపెట్టింది.

మంచి పథకమే. మరి లోపం లేదా? ఉంది. శాటిలైట్‌కి పచ్చగా కనపడితే చాలు, ఆ పచ్చది పశువు తింటుందా లేదా దానికి తెలీదు. అక్కడ పచ్చగా ఉండేది ఏంటో తెలుసా? మన సర్కారు తుమ్మ! నవ్వకండి, నిజం. కొందరు ఇంగ్లీషు తుమ్మ అంటారు, ప్రోసోపిస్. 1980ల్లో కెన్యా బరింగో సరస్సు దగ్గర వంటచెరుకు కోసం, ఎడారి ఆపుతుందని చెప్పి నాటారు, జనం మథెంగే అని పిలుస్తారు. మనకి చెరువుల్లో, పోరంబోకుల్లో ఏం చేసిందో అక్కడా అదే చేసింది. మేత నేల మొత్తం కప్పేసింది, దారులు మూసేసింది, ముల్లు గుచ్చుకుని గిట్టలు చీము పట్టాయి. కాయల్లో చక్కెర ఎక్కువ, మేకలు ఇష్టంగా తింటాయి, అదే పనిగా తినేసరికి పళ్ళు పుచ్చి ఊడిపోయాయి. పళ్ళు లేని మేక ఏం తింటుంది? ఇల్చామస్ అనే చిన్న తెగ వాళ్ళు కోర్టులో కేసు వేసి, పళ్ళూడిన మేకని నైరోబీ కోర్టుకు పట్టుకెళ్ళారు. సాక్ష్యం కింద! ఇక్కడ మన ఊళ్ళల్లో సర్కారు తుమ్మ బొగ్గు కాల్చి అమ్ముకుంటారు కదా, అక్కడ కూడా అదే చెయ్యమని ప్రోత్సహించారు, కొంత డబ్బు వచ్చింది, చెట్టు మాత్రం తగ్గలేదు.

ఇదే తరహాలో ఇథియోపియాలో ఇంకో సంగతి. బోరానా వాళ్ళు పాత గడ్డిని ఒక పద్ధతి ప్రకారం తగలబెట్టేవాళ్ళు, ముళ్ళ పొదలు చస్తాయి, పిడుదులు చస్తాయి, కొత్త గడ్డి వస్తుంది. 1970ల్లో ప్రభుత్వం నిప్పు పెట్టడం నేరం అంది. పదిహేనేళ్ళు తిరిగేసరికి గడ్డి నేలంతా ముళ్ళ పొద. తర్వాత ప్రాజెక్టుల కింద కూలి ఇచ్చి ఆ పొదలు కొట్టించారు, ఎవరి చేతో అనుకున్నారు? వాళ్ళ చేతే.

సరే, భూమి చట్టం దగ్గరికి వద్దాం. కెన్యాలో 2010 రాజ్యాంగం మంచి పని చేసింది, 63వ అధికరణంలో సముదాయ భూమి అనేది ప్రైవేటు భూమికి, ప్రభుత్వ భూమికి సమానంగా ఒక రకం అంది. దాని కింద 2016లో కమ్యూనిటీ ల్యాండ్ చట్టం వచ్చింది. సముదాయం కమిటీ పెట్టుకుని, హద్దులు చూపించి, నియమాలు రాసుకుని రిజిస్టర్ చేయించుకోవాలి. రిజిస్టర్ అయ్యేదాకా కౌంటీ ప్రభుత్వం, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ట్రస్టీగా చూస్తుంది. వినడానికి బాగానే ఉంది కదా? చెయ్యడంలోనే ఉంది కష్టం. సర్వేకి డబ్బు ఎవరిస్తారు? ఎండాకాలంలో వచ్చే పక్క తెగ ఈ సముదాయంలో సభ్యులా కాదా? గీత గీస్తే వాళ్ళు బయటే కదా? అందుకే చాలా నెమ్మదిగా నడుస్తోంది, ఉత్తరాన ఇంకా నెమ్మది. రిజిస్టర్ కాని భూమి మీద ఈలోగా వేరేవాళ్ళ కన్ను పడుతోంది.

తుర్కానా సరస్సు పక్కన పెద్ద గాలిమరల ప్రాజెక్టు ఉంది, 365 మరలు, 310 మెగావాట్లు. దానికి రాసిచ్చిన భూమి లక్షా యాభై వేల ఎకరాలు, పాత కౌంటీ కౌన్సిల్ ఇచ్చింది. రెండిల్లే, సంబూరు, తుర్కానా మందలు మేసే నేల. జనం కోర్టుకు పోయారు, 2021లో మేరు పట్టణంలోని భూమి కోర్టు ఆ పట్టాలు చట్టప్రకారం ఇచ్చినవి కావు అంది, సరిచేసుకోవడానికి గడువు ఇచ్చింది, ఆ తర్వాత వ్యాజ్యం సాగుతూ పోయింది. గాలి కరెంటు వద్దని ఎవరంటారు? నేను కూడా అనను. కానీ మరల కింద ఉన్న నేలంతా ఖాళీ అని కాగితం మీద రాయడమే తప్పు. ఎండోరోయిస్ అనే వాళ్ళ కేసు కూడా గుర్తు పెట్టుకోండి. బొగోరియా సరస్సు దగ్గర్నుంచి 1970ల్లో వాళ్ళని జంతువుల రిజర్వ్ కోసం వెళ్ళగొట్టారు. 2010లో ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది, భూమి తిరిగివ్వాలి, నష్టపరిహారం కట్టాలి అని. తీర్పు వచ్చింది, అమలు మాత్రం ఏళ్ళ తరబడి నానుతూనే ఉంది.

టాంజానియా కూడా ఇలాంటిదే, త్వరగా చెప్తా. 1959లో సెరెంగెటి జాతీయ పార్కు నుంచి మాసాయిల్ని ఖాళీ చేయించినప్పుడు పక్కనున్న న్గోరోంగోరోలో మీరు ఉండొచ్చు అన్నారు. ఇప్పుడు అక్కణ్ణుంచి కూడా వందల కిలోమీటర్ల అవతల మ్సోమెరాకి పొమ్మంటున్నారు. 2022 జూన్‌లో పక్కనే ఉన్న లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్ల చుట్టూ హద్దు రాళ్ళు పాతడానికి పోలీసులొస్తే గొడవైంది, ఒక పోలీసు చనిపోయాడు, జనానికి తూటా గాయాలయ్యాయి, చాలామంది సరిహద్దు దాటి కెన్యాకి పారిపోయారు. మనకేం సంబంధం అంటారా? అమ్రాబాద్ అడవిలో పొడ తూర్పు ఆవులు మేపే లంబాడీలని అడగండి, టైగర్ రిజర్వ్ వచ్చాక వాళ్ళ మందలకి ఏ దారి మిగిలిందో. మన 2006 అటవీ హక్కుల చట్టంలో వలస మేత హక్కు స్పష్టంగా రాసి ఉంది, 3వ సెక్షన్‌లో. ఎంతమందికి ఇచ్చారు?

పశ్చిమ ఆఫ్రికాలో కాగితాలు ఇంకా బాగుంటాయి. నైజర్ 2010లో తెచ్చిన పశుపోషణ చట్టంలో మందతో కదలడాన్ని పశుపోషకుల మౌలిక హక్కు అన్నారు. ఎకోవాస్ అనే పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి వాళ్ళు 1998లోనే ఒక సర్టిఫికెట్ పెట్టారు, టీకాలు వేయించి అది చూపిస్తే మంద సరిహద్దు దాటొచ్చు. ఇదే సమయంలో నైజీరియాలో కొన్ని రాష్ట్రాలు బయట మేపడాన్నే నిషేధించాయి, బెన్యూ 2017లో చేసింది. అక్కడి పశుపోషకులైన ఫులానీల మంద ఎక్కడికి పోతుంది? 2025 జనవరిలో మాలి, బుర్కినా ఫాసో, నైజర్ ఎకోవాస్ నుంచి బయటికి వచ్చాయి, ఇక ఆ సర్టిఫికెట్ గతి ఏంటో. ఒకప్పుడు అక్కడి రైతులు పంట కోశాక ఫులానీల మందని పొలంలో దించి ఎరువు కోసం ధాన్యం ఇచ్చేవాళ్ళు, మన దగ్గర పొలంలో మంద కట్టించుకున్నట్టే. ఇప్పుడు కూడా కొన్నిచోట్ల ఉంది.

ఇప్పుడు నా వృత్తి సంగతి ఒకటి చెప్పి ముగిస్తా. రిండర్‌పెస్ట్, పశువుల ప్లేగు, 1880ల చివర ఆఫ్రికా కొమ్ములో దిగి పదేళ్ళలో దక్షిణ కొస దాకా పోయింది, చాలా చోట్ల పదింట ఎనిమిది, తొమ్మిది పశువులు పోయాయి. 2011లో అది భూమ్మీద లేదని ప్రకటించారు, మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో రోగం. ఎలా పోయింది? ఫ్రిజ్ లేకుండా వారాల తరబడి నిలిచే టీకా తయారైంది, అది ఒకటి. దాన్ని ఎవరు వేశారు? ఇథియోపియా అఫార్ ప్రాంతానికి, సూడాన్‌కి డాక్టర్లు పోలేదు, అక్కడి పశుపోషకుల పిల్లలకే కొన్ని వారాలు నేర్పి చేతిలో సిరంజి పెట్టారు. మన గోపాలమిత్రల్లాంటి వాళ్ళు అనుకోండి. వాళ్ళే మందల వెంట తిరిగి వేశారు. ఇలాంటివాళ్ళకి కెన్యా చట్టంలో చోటు లేకుండా చేశారు, పట్టం ఎవరికి కట్టారంటే మా డాక్టర్లకే. అర్హత లేనివాడు సూది వెయ్యకూడదట. డాక్టర్ ఉన్నాడా అక్కడ? లేడు. ఇప్పుడు పీపీఆర్, మన గొర్రెల పారుడు రోగం, దాన్ని 2030కల్లా లేకుండా చెయ్యాలని ప్రపంచమంతా లక్ష్యం పెట్టుకుంది. మందల వెంట తిరిగే మనుషులు లేకుండా ఎలా చేస్తారో నాకైతే అర్థం కాదు.

2020 చివరి నుంచి ఉత్తర కెన్యా, దక్షిణ ఇథియోపియాల్లో వరసగా ఐదు వాన కాలాలు వాన లేకుండా పోయాయి. నలభై ఏళ్ళలో అంత కరువు చూడలేదు. ఒక్క కెన్యాలోనే 25 లక్షలకు పైగా పశువులు చచ్చాయి. ఎక్కువ పోయినవి ఆవులు, గొర్రెలు. ఒంటెలు మాత్రం కొంత తట్టుకున్నాయి. అందుకే ఆవుల వాళ్ళు కూడా ఒంటెలకి మారుతున్నారు. ఇసియోలోలో సోమాలీ ఆడవాళ్ళ సహకార సంఘం ఉంది, అనోలై అని. తెల్లారకముందే ఒంటె పాలు పితుకుతారు, పసుపు రంగు ప్లాస్టిక్ క్యాన్లలో పోస్తారు, పొగ పట్టించిన క్యాన్లు, పాలు విరగకుండా ఉండటానికి. బైకు మీద కుర్రాడు వచ్చి ఇసియోలోకి తెస్తాడు, అక్కడ చల్లబెట్టి బస్సు పైన వేస్తే నైరోబీలో ఈస్ట్లీ బజారుకి చేరతాయి. ఈ వ్యాపారం మొత్తం ఆడవాళ్ళ చేతిలోనే. వాళ్ళు సాయం అడిగేది కూడా పెద్దదేం కాదు, చల్లబెట్టే మెషిన్లు, కరెంటు, మంచి రోడ్డు. కానీ వాన పడక మంద ఇంకో అరవై కిలోమీటర్లు పోయిందనుకోండి, బైకు కూడా అంత దూరం పోవాలి, పెట్రోలు ఖర్చు పాల ధరలోకి వస్తుంది, దారిలో కంచె వచ్చి మంద పోలేకపోతే అసలు పాలే ఉండవు. మెషిన్ కొనిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కంచె సంగతి చూసేవాళ్ళు కావాలి.

ఇంక ప్రశ్నలు అడగండి. ఆ మూలనున్న అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉంది, మైకు అటు ఇవ్వండి.